కొత్త నీళ్లు

"ఆ పిల్ల ఈ రోజు నీళ్లలో దిగడానికి వీల్లేదు," అన్నాడు సెక్రటరీ. అప్పటికే తువ్వాలు కుర్చీ మీద పడేసి, పూల్ నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడాయన.

"దిగకపోతే ఎలా తయారవుతుంది సార్? జట్టు ఎంపికకి ఇంక నెల కూడా లేదు," అన్నాడు కోచ్.

"నెలకోసారి దిగుతూనే ఉందిగా. ఎవరు కాదన్నారు?"

ఎవరూ కాదనలేదు. ఆ క్లబ్బు పద్ధతే అది. నెలాఖరు ఆదివారం సాయంత్రం, సభ్యులంతా ఇళ్లకు వెళ్లాక, పనివాళ్ల పిల్లల్ని గంటసేపు నీళ్లలో ఆడుకోనిస్తారు. సోమవారం పూల్ మూసేసి ఆ నీళ్లు వదిలేస్తారు. మంగళవారం పొద్దున్నకి కొత్త నీళ్లు. ఎలాగూ పారబోసేవే, పసివాళ్లు సరదా పడనీ అని ఈ ఏర్పాటు చేసింది సెక్రటరీ గారి నాన్నగారు. ఆ సంగతి చెప్పేటప్పుడు సెక్రటరీకి కళ్లు చెమరుస్తాయి కూడా.

మొన్న ఆదివారం గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చిన కోచ్, ఒక పిల్ల ఆ చివర మునిగి ఈ చివర తేలడం చూశాడు. నల్లగా, పుల్లలా ఉంది. పూల్ ఆపరేటర్ కూతురట. నీళ్లలో మునిగి తేలే పిట్ట పేరుతో అందరూ బుడుంగు అంటారట. ఊరికే స్టాప్‌వాచ్ నొక్కి చూశాడు. వాచీ పాడైందేమో అనుకుని మళ్లీ ఈదమన్నాడు. వాచీ బాగానే ఉంది. ఆ సంబరంలో, ఎవరినీ అడక్కుండా, మంగళవారం నుంచి రోజూ రమ్మనేశాడు.

ఇప్పుడు ఆ పిల్ల కంచె బయట నిలబడి ఉంది. వీపున బడి సంచి, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఉతికి మడత పెట్టిన నిక్కరూ బనీనూ.

"సార్, మీ మనవడి టైము కంటే ముందొచ్చింది," అన్నాడు కోచ్ గొంతు తగ్గించి.

"వాడికి ఆ రోజు జలుబు చేసింది." సెక్రటరీ ఇంకో మెట్టు దిగాడు. "చూడవయ్యా, ఆ జాతికి పరుగు పుట్టుకతో వచ్చిన విద్య. ట్రాక్ మీదికి పంపు, బూట్లు నేనే కొనిపెడతాను. నీళ్లంటావా, వాళ్ల ఎముకలు బరువు. తేలరు."

"తేలింది సార్. నేను చూశాను."

"నువ్వు చూశావు. సభ్యులు అది చూడరు. తమ పిల్లల నోట్లోకి పోయే నీళ్లలో ఇంకెవరు మునిగారా అని చూస్తారు. నాకేం పట్టింపు లేదు, నా సంగతి నీకు తెలుసు. కానీ వాళ్లంతా మానేస్తే మొదట ఊడేది నీ ఉద్యోగమే."

 కోచ్‌కి ఇంట్లో వాళ్లంతా ఒక్కసారి కళ్ల ముందు మెదిలారు. దిక్కుతోచక ఆపరేటర్ వైపు తిరిగాడు. ఆయన గట్టు మీద నిలబడి, పొడుగు కర్రకి కట్టిన వలతో నీళ్ల మీది ఆకులు తీస్తున్నాడు.

"నువ్వైనా చెప్పవయ్యా. నీ కూతురే కదా."

"అయ్యగారు చెప్పాక నేను చెప్పేదేముంది మాస్టారూ," అన్నాడు ఆపరేటర్. వలలో పడ్డ ఆకుని గట్టు మీద దులిపాడు.

కోచ్‌కి ఒళ్లు మండింది. సెక్రటరీ మీద కంటే ఈ మనిషి మీదే ఎక్కువ మండింది. కన్నవాడే నోరు విప్పకపోతే బయటివాడు ఎంతకని మాట్లాడతాడు?

"ఆపరేటర్‌కున్న పాటి బుద్ధి నీకు లేకపోయింది," అంటూ సెక్రటరీ నీళ్లలోకి జారాడు. కొత్త నీళ్లలో మొదటి మునక ఎప్పుడూ ఆయనదే. నోటినిండా నీళ్లు పట్టి, తల పైకెత్తి పుక్కిలించి, పిచికారీలా ఊదాడు. "ఆహా. కొత్త నీళ్ల హాయే వేరు. అద్దంలా ఉన్నాయయ్యా. బాగా కష్టపడ్డట్టున్నావు."

"మీ దయ అయ్యగారూ," అన్నాడు ఆపరేటర్.

మనవడూ, మిగతా సభ్యుల పిల్లలూ దబదబా దూకారు. కంచె దగ్గర నుంచి బుడుంగు పిలిచింది.

"నాన్నా, నేను రానా?"

"ఇవాళ కాదు తల్లీ. బడికి పో."

"మరి ఎప్పుడు?"

"నెలాఖరుకి."

ఆ పిల్ల ఏడవలేదు. కవరు తీసి సంచిలో కుక్కుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఏడ్చినా బాగుండేది అనిపించింది కోచ్‌కి.

ఆపరేటర్ వల భుజాన వేసుకుని పంపు గదిలోకి నడిచాడు. కోచ్ వెనకాలే వెళ్లాడు. లోపల వడపోత మోటారు గుర్రుమంటోంది, క్లోరిన్ మందు వాసన ముక్కు అదరగొడుతోంది.

"సిగ్గనిపించడం లేదూ నీకు? నీ కూతురు ఈదిన నీళ్లు మైల నీళ్లైనట్టు నువ్వే కాలవలోకి వదిలి, నువ్వే గోడలు తోమి, వాళ్లకి కొత్త నీళ్లు పడతావా? ఒక్క నెలైనా చెయ్యి ఆడకుండా పోలేదా?"

 ఆపరేటర్ తలుపు దగ్గరికి వేసి, మూలనున్న ఇనప చక్రం చూపించాడు.

"పూల్ ఖాళీ చేసేది దాంతోనే మాస్టారూ. ఓసారి తిప్పండి."

కోచ్ కోపంగానే పట్టుకున్నాడు. కదల్లేదు. రెండు చేతులా బలమంతా పెట్టాడు. తుప్పు రాలింది, వేళ్లకి సాలెగూడు చుట్టుకుంది. చక్రం మాత్రం కదల్లేదు.

బయట సెక్రటరీ మళ్లీ పుక్కిలిస్తున్న చప్పుడు వినిపించింది.

"ఎక్కడా అనకండి, ఆ గంట కూడా పోతుంది," అన్నాడు ఆపరేటర్ మెల్లగా. "మా బుడుంగు మొదటిసారి దిగిన నీళ్లే ఇవి."