ఆడవాళ్ళ పెట్టెలో మైకు

"ఛీ! నలుగురూ నవ్వరూ? నేను ఎక్కను గాక ఎక్కను," అంది తమాయో, ప్లాట్‌ఫాం మీదే ఆగిపోయి.

గింజిరో వినిపించుకోకుండా భార్య చేతిలో రైలు మోత రికార్డు చేసే మైకు పెట్టాడు. గాలి మోత పడకుండా దానికి బూడిదరంగు బొచ్చు తొడుగు వేసి ఉంది. చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు ఆమె దాన్ని రెండువేళ్ళతో పట్టుకుంది.

"నువ్వు కాక ఇంకెవరే నాకు? వచ్చే బండిలో పాత మోటారు మిగిలింది మొదటి పెట్టెకి ఒక్కదానికే. పొద్దున పూట అది ఆడవాళ్ళ పెట్టె. నేనెక్కితే బాగుంటుందా చెప్పు?"

"రద్దీ అయ్యాక ఎక్కండి."

"అప్పటికి షెడ్డుకి పోతుంది. ఇంక తుక్కే. ఇవాళే ఆఖరు."

ఈ ఐదువందల నంబరు రకం బండి గురించి తమాయో వినని ముక్క లేదు. తొలివిడతకి బల్లపరుపు మొహం. తర్వాతి విడతకి వాలు మొహం. ఆ తర్వాత ఈ పెట్టెలాంటివి, ఒక్కో పక్క ఆరేసి తలుపులు, రద్దీవేళ గోడకి మడిచేసే సీట్లు. కాపురానికి వచ్చిన నాటినుంచీ అన్నంతో పాటు ఇదే వడ్డన. ఆమె కంటికి అన్నీ ఒకటే, చక్రాలున్న రేకు డబ్బాలు. పోనీ ఆ పిచ్చికి వేళాపాళా ఉందా? ఇలాంటి వారంలో కూడా ఈ మనిషికి రైలే కావాలి! తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"ఊరికే పట్టుకుంటే చాలదు," అన్నాడు గింజిరో. "స్టేషను వచ్చినప్పుడల్లా పేరు పైకి చెప్పు. కనిపించిందల్లా చెప్పు. లేకపోతే ఏ మోత ఎక్కడిదో నాకు తెలీదు."

"బండిలో వాళ్ళే చెబుతారుగా?"

"అది యంత్రం. నువ్వు చెప్పు."

"పొద్దున్నే రైల్లో నోరు విప్పమంటారా? పిచ్చిదాన్ననుకుంటారు!"

"అనుకోనీ," అన్నాడు. బండి వచ్చి ఆగింది. వెనక జనం తోసిన తోపుకి తమాయో లోపల పడింది.

లోపల కంపు. పది రకాల అత్తర్లు, తడిసిన కోట్లు, ఎవరో పొద్దున తిన్న ముల్లంగి ఊరగాయ. సీట్లన్నీ గోడకి మడిచేసి ఉన్నాయి, ఆడవాళ్ళు నిలువునా కూరి ఉన్నారు. ఒక పిల్ల ఆ ఇరుకులోనే కనురెప్పలకి రంగు దిద్దుకుంటోంది. ఇంతమంది ఉన్నా కిక్కురుమనేవాళ్ళు లేరు. కింద మోటారు మాత్రం పంటినొప్పి వచ్చినదానిలా మూలుగుతోంది. దీనికోసమా ఇంత రభస?

"కుసానో," అంది తమాయో స్టేషను రాగానే మైకులోకి, గొంతు తగ్గించి.

రెప్పలకి రంగేసే చెయ్యి ఆగిపోయింది. చుట్టూ ఉన్న తలలన్నీ ఇటు తిరిగాయి. సిగ్గుతో తమాయో చెవులు కాలాయి.

"హనెకురా. ఇంకో మంద ఎక్కింది. ఒకావిడ నా కాలు తొక్కి, అయ్యో అనైనా అనలేదు."

"ఏవండీ, ఇక్కడ ఫోను మాట్లాడకూడదు," అంది పక్కనున్నావిడ చిరాగ్గా.

"ఫోను కాదమ్మా, మైకు. మా ఆయన తిక్క."

"అలాగా పాపం. గొంతు అంత బొంగురుపోయింది, జలుబా?"

"ఆఁ, అలాంటిదే."

ఆ జాలితో తమాయో ఇంక ఆగలేకపోయింది. సిగ్గు పోయింది, రోత మిగిలింది. మైకుని నోటి దగ్గరికి లాక్కుంది.

"వింటున్నారా? మీకు పెళ్ళాం ఎందుకండీ, మోటారు చాలుగా! పెళ్ళైన మర్నాడు షెడ్డు చూపించారు. పిల్ల పుడితే ఆసుపత్రికి వస్తూ దారిలో వాలు మొహం బండి ఫోటో తీసుకొచ్చారు. మిమ్మల్ని కట్టుకున్నందుకు నన్నీ కంపులో నిలబెట్టారు. మీ అంత దరిద్రుడు ఈ లైన్లోనే లేడు!"

పెట్టెలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అంతా నవ్వారు. తమాయో మాత్రం నవ్వలేదు. ఆఖరి స్టేషను దాకా తిడుతూనే ఉంది.

సాయంత్రం గింజిరో స్నేహితుడు ముకాయ్ వచ్చాడు. అతనికీ ఇదే పిచ్చి. గింజిరో పెట్టిన రికార్డింగు కాసేపు విన్నాడో లేదో, పచ్చి కాకరకాయ కొరికినట్టు మొహం పెట్టాడు.

"అయ్యయ్యో వదినగారూ! మోటారు మోత పట్టేటప్పుడు నోరు మెదపకూడదు. దగ్గినా తప్పే! ఇదేం రికార్డింగు, అంతా తిట్లే! చెత్తబుట్టకి తప్ప దేనికీ పనికిరాదు."

"మాట్లాడమన్నది మీ మిత్రుడే," అంది తమాయో.

"వీడా? చాల్లెండి! అయినా ఈ పెట్టె మోత పోయిన నెలే మా ఆవిడ చీమ చిటుక్కుమనకుండా పట్టింది. వీడికీ ఇచ్చానే!"

తమాయో చటుక్కున ముకాయ్ వైపు తిరిగింది. అంటే ఉన్నదానికోసమే తనని ఆ కంపులో తోశాడన్నమాట. మొగుడి మొహం చూడ్డానికే అసహ్యం వేసింది. ఏమైనా చెబుతాడేమోనని చూసింది. గింజిరో తల వంచుకుని మీట నొక్కుతూ, మోటారు మూలిగినచోటల్లా దాటేస్తున్నాడు. 'ఒకావిడ నా కాలు తొక్కి' అన్నచోట ఆపి విన్నాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు.

"మోతంతా వదిలేసి ఆ తిట్లెందుకురా?" అన్నాడు ముకాయ్.

"నాకు కావలసింది ఇదే," అన్నాడు గింజిరో, తల ఎత్తకుండా.

తమాయో అతని పక్కకి వచ్చి కూర్చుంది.

సోమవారం ఆపరేషన్‌లో ఆమె స్వరపేటిక తీసేస్తారు.