మార్షల్ గారి హక్కు

“దించరా ఆ తట్ట!” గెర్లాఖ్ దొర కేకకు, ఆయన గుర్రాలు కాసే ఉట్స్ బిత్తరపోయాడు.

“రాజుగారి గుర్రం ఆకలిమీదుంది దొరా. దాణా పెడదామనీ...”

“పట్టాభిషేకం నాడు ఆ దాణా పెట్టే హక్కు మార్షల్‌ది. అంటే నాది! మా ముత్తాత నుంచి వస్తున్న బిరుదు.”

“నీకెవరిచ్చారయ్యా?” పొరుగు కోట దొర డీట్మార్ జనాన్ని తోసుకుంటూ వచ్చి తట్ట రెండో అంచు పట్టుకున్నాడు. “అసలు మార్షల్ మా తాత!”

ఇద్దరూ చెరోవైపు లాగారు. దాణా నేలపాలైంది. పట్టు అంగీలతోనే మోకాళ్ల మీద కూలబడి, పోటీపడి దోసిళ్లతో ఎత్తసాగారు.

గెర్లాఖ్ భార్య కునిగుండ ఇదంతా చూస్తోంది. “ఏమండీ, ఇంతకీ మార్షల్ అంటే ఏమిటి?”

“సేనాపతి. ఆమాత్రం తెలీదూ?”

“అది ఇప్పుడు. మీ ముత్తాతగారి రోజుల్లో?”

గెర్లాఖ్ దోసిలి గాల్లో ఆగింది. “అప్పట్లో... రాజుగారి గుర్రాలు కాసేవాణ్ణి అలా పిలిచేవాళ్లు.”

“అంటే మన ఉట్స్ లాగన్నమాట. లద్దెకంపు కొడుతున్నాడని నిన్న భోజనాల దగ్గర్నుంచి తరిమేశారే, అతనిలాగా.”

గెర్లాఖ్ మొహం కందగడ్డ అయింది. చేతిలోని దాణా జారవిడిచి, అంగీ దులుపుకుంటూ లేచాడు.

అప్పుడే రాజుగారి గుర్రం తోకెత్తి పని కానిచ్చింది. ఉట్స్ పార తెచ్చి భయంభయంగా అడిగాడు. “దొరా, మరి ఈ లద్దె ఎత్తే హక్కెవరిది?”

“నీదేరా” అనబోయాడు గెర్లాఖ్. అంతలో డీట్మార్ పార వైపు చెయ్యి చాపడం కంటపడింది.

ఒక్క ఉదుటున పార లాక్కున్నాడు.

“నాది!”