ఆధార్ ముఖం

పింఛన్లిచ్చే సారు పెంటమ్మ ముఖానికి మూడోసారి ఫోన్ పెట్టి తల అడ్డంగా ఊపాడు. ఆధార్ ఫొటోతో ముఖం కలవడం లేదు. ఇవాళ కలవకపోతే ఈ నెల పైసలు ఆగిపోతాయి. రేషన్ బియ్యం తప్ప ఆమె ఇంటికి వచ్చేవన్నీ ఆ పైసలతోనే.

"ఫొటోల ఇంత గరం మీదున్నవేందవ్వా?"

"గానాడు మెదక్ ఎండల పొద్దంతా లైన్ల నిలబెట్టిండ్రు బిడ్డా. నవ్వొస్తదా?"

"అయితే జర గట్లనే కోపంగ చూడు."

పెంటమ్మ కళ్లు పెద్దవి చేసింది. గుడిలో దండం పెట్టుకునే ముఖమే వచ్చింది. లైన్‌లో అందరూ నవ్వితే తనూ నవ్వేసింది.

పక్కింటి బాలలక్ష్మి ముందుకొచ్చింది. "అత్తా, నిరుడు బోనాలకు నువ్వు పోచమ్మకు మొక్కిన కోడి తప్పిపోలే. మేమే కోసుకున్నం. మస్తు రుచి ఉండె!"

పెంటమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. ఫోన్ టింగుమంది.

"భలే అబద్ధమాడినవ్ పో!" అని లైన్‌లోవాళ్లు బాలలక్ష్మిని మెచ్చుకున్నారు.

బయటికి రాగానే బాలలక్ష్మి పెంటమ్మ కాళ్లు పట్టుకుంది. "అబద్ధం కాదత్తా, నిజమే. ఏడాది సంది చెప్పలేక చస్తున్న. మాఫ్ చెయ్యి."

"లే పిల్లా. మీ గోడెనక ఈకలు ఆనాడే చూసిన. పోచమ్మకు కొబ్బరికాయ కొట్టి, నీ తరఫున దండం గూడ నేనే పెట్టిన."

"మరి ఇందాక గంత కోపమెట్లొచ్చె?"

"మస్తు రుచి ఉండెనంటివి గదా. గిన్నెల రెండు ముక్కలేసి పంపకపోతివి!"