నీళ్ళ చప్పుడు

ఈసారీ జల్లెడ మీద పాచి పట్టలేదు. చేపల తొట్టి అద్దాలకు మాత్రం దిట్టంగా పట్టింది.

ఆ పచ్చటి తెర వెనక రెండు నారింజరంగు చేపలు మసగ్గా కదులుతున్నాయి.

"పాచి వదిలించడానికి పాచినే పెంచుతున్నావా?" అంది అతని భార్య.

"పైపెట్టెలో ఆ గరుకు జల్లెడ మీంచి నీళ్ళు పల్చగా, ఆగకుండా పారాలి. పక్కన లైటు. నీళ్ళలో మురికంతా అక్కడి పాచే తినేస్తే, తొట్టిలో పాచికి తిండి ఉండదు. జల్లెడ తీసి గీకేస్తే సరి."

"మరి పట్టదేం?"

"నీళ్ళు చాలక! పక్కింటాయన పారనిస్తేగా!"

"ఆదివారం దాకా చూస్తాను. ఆ తర్వాత చేపలు షాపుకి వెళ్ళిపోవాల్సిందే. ఈ ఉప్పునీళ్ళ మరకలూ, ఈ వాసనా నావల్ల కాదు."

అతను జల్లెడను ఇంకా గరుకెక్కేలా రంపపు బ్లేడుతో మళ్ళీ గీశాడు. లైటు మార్చాడు. జల్లెడ మీదికి నీళ్ళు వదిలే గొట్టానికి చీలిక పెద్దది చేశాడు. నీళ్ళ జోరు పెంచే జోలికి మాత్రం పోలేకపోయాడు.

తొట్టికి పంపు పెట్టిన కొత్తలోనే వచ్చాడా పక్కింటి ముసలాయన.

"ఆ నీళ్ళ చప్పుడు మీ ఇంట్లోదేనా, బాబూ?"

"అవునండీ, సారీ. తగ్గిస్తాను."

సగానికి తగ్గించాడు. ముసలాయన మళ్ళీ వచ్చాడు.

"నిద్ర పట్టడం లేదు బాబూ. ఆ చప్పుడు..."

"ఇంకాస్త తగ్గిస్తానండీ."

ముసలాయన ఒక్కో మాటా కూడదీసుకుని మాట్లాడతాడు. అంతసేపు ఆగే ఓపిక ఇతనికి లేదు. ఎదుటివాళ్ళ మాట నోట్లో ఉండగానే అందుకుంటాడు. అది తన చురుకుదనమనుకుంటాడు.

శనివారం పొద్దున మళ్ళీ బెల్లు మోగింది.

"బాబూ, ఆ చప్పుడు బొత్తిగా..."

"బొత్తిగా ఆపెయ్యమంటారా? పోనీ, చేపల్ని వేయించుకు తినెయ్యమంటారా?"

ముసలాయన చెయ్యెత్తాడు. ఏమనుకున్నాడో, దించేశాడు.

"అది కాదు నాయనా..."

"ఆపేస్తున్నాను. సుఖంగా పడుకోండి!"

తలుపు వేసి పంపు కట్టేశాడు. కసి తీరితే మనసు తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు. ఇల్లంతా చెవులు మూసుకున్నట్టయింది.

ఆదివారం షాపువాడు వచ్చి చేపల్ని బకెట్లో తీసుకుపోయాడు. లిఫ్టు తలుపులు మూసుకున్నాక కూడా అతను అక్కడే నిలబడ్డాడు. పక్కింటి తలుపు వైపు చూస్తే ఒళ్ళు మండింది.

తర్వాతి వారం ఆ తలుపు బార్లా తీసి ఉంది. ఒకావిడ అట్టపెట్టెలకు తాడు కడుతోంది.

"ఖాళీ చేస్తున్నారా?"

"అవునండీ. మా అన్నయ్య ఇల్లు మారిపోయాడు. ఇక్కడ కంటిమీద కునుకు లేదట."

అతనికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఇంకా ఏం చప్పుడండీ? పంపు ఆపేశాను. చేపల్ని కూడా ఇచ్చేశాను!"

ఆమె తాడు వదిలేసి అతన్ని తేరిపార చూసింది.

"పక్కింటి బాబు మీరేనా? అయ్యో, జీవితమంతా ఓడల మీద గడిపిన మనిషండీ, గోడవతల మీ నీళ్ళు పారుతుంటేనే ఆయనకి కన్ను మూతపడేది. అవి తగ్గినప్పుడల్లా, కాస్త పెంచమని అడుగుదామనే మీ తలుపు కొట్టేవాడు."