పిల్లి పడుకునే చోటు

“దీన్ని ఎవరు కొడుతున్నారమ్మా?”

పశువుల ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకెత్తి పట్టుకుని అడిగాడు. పిల్లి మెడ పక్కన, ఎముక ఉండకూడని చోట తెల్లగా గడ్డలు కట్టి ఉన్నాయి.

కోడలు మామగారి వంక తిరిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఎడమ మోచెయ్యి తడుముకున్నారు.

“నావైపు చూస్తావేమ్మా? నేను దాన్ని తాకనైనా తాకను.”

“నేను తొమ్మిదింటికి వెళ్ళి ఆరింటికొస్తాను మామయ్యగారూ. మీ అబ్బాయి ఎప్పుడూ క్యాంపుల్లోనే. పగలంతా ఇంట్లో ఉండేది మీరూ, అదీ.”

“అయితే? మెడ పట్టుకుని పిసుకుతున్నానంటావా?”

“నేనేమీ అనలేదు. మీరే అంటున్నారు.”

ముప్పై ఏళ్ళు బస్సుల్లో టికెట్ లేనివాళ్ళని పట్టుకుని దింపేసిన మనిషి. ఆయన ముందు ఎవరి అబద్ధమూ నిలవదని పేరు. అలాంటాయన ఇప్పుడు కోడలి కళ్ళలోకి చూడలేక గోడమీది టీకాల పట్టిక చదువుతున్నారు. పిల్లికి పేరున్నా ‘ఆ జంతువు’ అనే అంటారు. ఇవాళ ఎవరూ పిలవకపోయినా, “అది రక్కితే పట్టుకోవడానికి ఒకరుండాలిగా” అంటూ వెంట బయల్దేరారు. గుట్టు ఎంతవరకు బయటపడుతుందో చూసుకోవడానికన్నమాట. రోజూ సాయంత్రానికి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కిందని ఆయన గొణుక్కోవడం కూడా ఆమెకు గుర్తొచ్చింది. కొట్టీ కొట్టీ ఎక్కదూ మరి!

కుర్ర డాక్టరు పెద్ద డాక్టరమ్మను పిలుచుకురావడానికి వెళ్ళాడు. ఆ పది నిమిషాలూ కోడలు కాలుగాలిన పిల్లిలా గదిలో అటూ ఇటూ తిరిగింది. అసలు పిల్లి మాత్రం బల్లమీద, మెడ ఎడమకు వాల్చి, కదలకుండా ఉంది. చూసి చూసి ఆమె ఫోను తీసింది.

“సాయంత్రం పిల్లిని మీ ఇంట్లో దింపేస్తానే. అవును, ఇక అక్కడే ఉంటుంది,” అంది స్నేహితురాలితో, మామగారికి వినబడేలా.

ఆయన ఎడమ చొక్కా చేతి గుండీ సరిచూసుకున్నారు.

పెద్ద డాక్టరమ్మ వచ్చి ఫిల్ము చూసింది. వేళ్ళ చివర్లతో నొక్కీ నొక్కకుండా పిల్లి మెడ తడిమింది.

“దెబ్బలు కావమ్మా. కండ ఎముకగా మారిపోయే జబ్బు. చాలా అరుదు, నా సర్వీసులో ఇది రెండోది. కొయ్యకూడదు, సూదులు పొడవకూడదు, పొడిస్తే అక్కడా ఎముక పెరుగుతుంది. ఇది రోజూ ఒకేచోట, గంటల తరబడి, మెడ ఇలా వాల్చి పడుకుంటోందా?”

“లేదండీ. నేను ఇంట్లో ఉన్నంతసేపూ కుదురుగా పడుకోనే పడుకోదు. రాత్రంతా ఇల్లు కొలుస్తూనే ఉంటుంది.”

“పగలు మాత్రం ఎక్కడో పడుకుంటోంది. మెడ ఆ ఒంపులోనే బిగిసిపోయింది.”

“ఆ చోటు వల్లే వచ్చిందా డాక్టరుగారూ?” మామగారు ఉన్నట్టుండి అడిగారు. “అది మానిపించేస్తే తగ్గుతుందా?”

“దానివల్ల రాలేదండీ, ఎలాగూ వచ్చేదే. కానీ ఇప్పుడు నొప్పి లేకుండా పడుకోగలిగేది అక్కడొక్కచోటే. అది మాత్రం దూరం చెయ్యకండి.”

“ఆ చోటేదో తెలిస్తే కదండీ,” అంది కోడలు. ఆమెకు ఏడుపొచ్చేసింది. కళ్ళు తుడుచుకుని పిల్లిని బుట్టలోకి ఎత్తబోయింది. అది నొప్పితో అరిచింది. దుప్పటి మెత్తగా మడిచి, ఇంకో పక్క నుంచి ప్రయత్నించింది. ఇంకా గట్టిగా అరిచింది.

“నువ్వు జరుగమ్మా,” అన్నారు మామగారు.

ఎవరి వంకా చూడకుండా గుండీ విప్పి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, బల్లమీదికి ఎడమ చెయ్యి చాపారు. పిల్లి తనంతట తానే జరిగి వచ్చింది, మూలగనైనా మూలగలేదు. ఒరిగిపోయిన దాని మెడ, కొలత తీసి చేసినట్టు, ఆయన మోచేతి ఒంపులో సరిగ్గా ఇమిడిపోయింది.