రెండో స్థానం

“నేర్పుడు నాతోని కాదు, అరుంధతీ,” అంది శాంతాబాయి, మంచినీళ్ల చెంబు చేతికిస్తూ.

ఈ మాట వినడానికి కాదు అరుంధతి పొద్దున్నే మిర్యాలగూడలో బస్సెక్కి సూర్యాపేట దాకా వచ్చింది. చక్రాల బూట్లతో నాట్యంలా సాగే స్కేటింగ్‌లో శాంతాబాయి ఏళ్ల తరబడి రాష్ట్ర ఛాంపియన్. ఆ ఏళ్లన్నీ రెండో స్థానం అరుంధతిది. సికింద్రాబాద్‌లో పెరిగిన శాంతాబాయి, పెళ్లయి సూర్యాపేట ధాన్యం వ్యాపారుల ఇంటికి వచ్చాక పోటీల్లో కనిపించడం మానేసింది. ఆమె లేని పోటీలో కూడా అరుంధతి గెలవలేకపోయింది. నిరుడు, డెబ్బై ఒకటిలో, గాల్లో చుట్టు తిరిగి దిగుతూ అందరి ముందూ చతికిలబడింది.

“ఎందుకు కాదక్కా? మా మిల్లుల వడ్లారబోసే గచ్చు అద్దం లెక్కుంటది. అప్పుడప్పుడు వచ్చిపోయినా చాలు. ఈసారి గెలవకుంటే బూట్లు అటకెక్కిస్తనంటున్నడు మా నాయన.”

“మా కోడలికి యాడ తీరుతదమ్మా?” అంది అత్తగారు కన్యకమ్మ. వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోందామె. “తెల్లారంగనే మా మిల్లుకు పోతది. వచ్చినంక వంట, పిల్లగాడు. ఒళ్లు హూనమైతున్నది దానికి.”

అంత తేలిగ్గా ఎలా అనగలిగిందో అరుంధతికి అర్థం కాలేదు. అప్పుడే శాంతాబాయి మోచేతి మీద ఆమె చూపు పడింది. చర్మం లేచిపోయి, దెబ్బ ఇంకా పచ్చిగా ఉంది.

“ఇదేందక్కా?”

“కిందపడ్డ.”

శాంతాబాయి గబుక్కున కొంగు కప్పేసింది. అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

శాంతాబాయే మాట మార్చింది. “నిరుడు ఎట్ల పడ్డవ్?”

అరుంధతి లేచి, ఉత్త కాళ్లతోనే చేతులు చాచి, ఒక చుట్టు తిరిగి చూపించింది. శాంతాబాయి కళ్లు ఆమె పాదాలను వదల్లేదు. ఆ కళ్లలో ఎంత ఆకలి!

“ఈసారి గూడ గదే దుంకుడా?”

“అదే అక్కా. గని దానికి ముందు ఇంకోటి...”

“వద్దు! ఇగ చెప్పకు.”

శాంతాబాయి చటుక్కున వంటింట్లోకి వెళ్లిపోయింది. పోగొట్టుకున్నదంతా ఒక్కసారి గుర్తొచ్చి ఉంటుంది పాపం, అనుకుంది అరుంధతి. అడగకుండా ఉండాల్సిందని బాధపడింది.

వెళ్లేటప్పుడు శాంతాబాయి బొట్టు పెట్టి, రవికెగుడ్డ చేతిలో పెట్టింది. ఏదో చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి చెప్పేసింది.

“పడతనేమోనని నేల సూస్తున్నవ్. గందుకే పడుతున్నవ్. దిగేటప్పుడు తల ఎత్తు.”

అరుంధతికి కళ్లు చెమర్చాయి. ఇంత తెలిసిన మనిషి ఈ నాలుగు గోడల మధ్య అణిగిపోవాలా? సాగనంపడానికి కన్యకమ్మ వీధి గుమ్మం దాకా వచ్చింది. అరుంధతి ఇక ఆపుకోలేకపోయింది.

“పెద్దమ్మా, తప్పైతే తిట్టుండ్రి. అసుంటి ఛాంపియన్‌ను తెచ్చి పొయ్యికాడ కట్టేసిండ్రు. మీకు కొంచమన్న అనిపిస్తలేదా?”

కన్యకమ్మకు కోపం రాలేదు. వెనక్కి తిరిగి కోడలు ఎక్కడుందో చూసుకుంది. అరుంధతి చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, గొంతు తగ్గించింది.

“ఎవలకూ చెప్పొద్దన్నది బిడ్డా. నువ్వు గింత పరేషానైతుంటే నేనెట్ల ఊకుంట? ఇంటికి పోయి గట్టిగ సాధన చెయ్యి. ఈసారి పోటీల నీకెదురు మా కోడలే.”