ఎడమ బొటనవేలు

"ఈ ఇద్దరూ ఒక్కరేనంటుంది గ్రాఫ్. నువ్వేమంటవ్ ఫ్లోరెన్స్?" ఖమ్మం ఆఫీసు నుంచి కళావతి ఫోనులో అడిగింది.

భద్రాచలంలోని ఆ ఒంటిగది ఆఫీసులో ఫ్లోరెన్స్ కంప్యూటర్ తెర వైపే చూస్తోంది. అడవి ఊళ్లలోని సికిల్ సెల్ అనే రక్తజబ్బు మీద పరిశోధన అది. దవాఖానా చీటీలు, రక్తపరీక్షల జాబితాలు, పాత వైద్య రికార్డులు అన్నిటినీ కలిపి నాలెడ్జ్ గ్రాఫ్ అల్లుతున్నారు. అందులో మనిషి ఒక చుక్క, బంధం ఒక గీత. పేర్లుండవు, నంబర్లే. ఒకే మనిషి రెండు చుక్కలుగా పడితే కలపాలి.

ఒక చుక్క సారపాకలో కాంట్రాక్టు కూలీ. తొమ్మిదేళ్లుగా ఆచూకీ లేదు. రెండోది చర్ల అవతల పోడు రైతు. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే రక్తం గ్రూపు. ఇద్దరికీ ఎడమ చేతి బొటనవేలు సగమే ఉంది.

"నేను పోయి చూసొస్త మేడం."

"గంత దూరం నువ్వెందుకు? అక్కడోళ్లకు ఫోన్ చేద్దాం."

"లేదు మేడం. నేనే పోత."

చర్ల దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో, ఆపైన వాగు దాటి నడక. ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. రైతు భార్య గంగక్క మంచం వాల్చి, ఉడకబెట్టిన కందగడ్డలు పెట్టింది.

"ఒక్కదానివే వచ్చినవా అక్కా? ఇంటికాడ ఎవరుంటరు?"

"ఎవ్వరుండరు."

"అయ్యో! మాట్లాడనీకన్న మనిషుండాలె కద."

"టీవీ పెట్టుకుంట" అని ఫ్లోరెన్స్ కాగితాలు తీసింది. "మీ ఆయనది ఈ ఊరేనా?"

"కాదు. జరమొచ్చి తోవల పడుంటే మా నాయిన మోసుకొచ్చిండు. పేరు చెప్పకపోతే పగిడయ్య అని ఆయనే పెట్టిండు. లేచినంక పోతడనుకున్నం. పోలే." గంగక్క సిగ్గుగా నవ్వింది.

అంతలో పగిడయ్య కట్టెల మోపుతో వచ్చాడు. ఫ్లోరెన్స్‌ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆఫీసు మేడం. నీ గురించి రాసుకుంటదంట" అంది గంగక్క.

అతను మోపు దించి, నిలబడే ఉన్నాడు. నాలుగేళ్ల కూతురు పరుగెత్తుకొచ్చి అతని కాళ్లను చుట్టేసింది.

"సారపాకల ఎప్పుడన్న పని చేసినవా?" ఫ్లోరెన్స్ అడిగింది.

అతను పిల్ల తల నిమిరాడు. "లేదు మేడం."

"ఆ వేలు?"

"గొడ్డలి తగిలింది."

"నీకోసం ఎక్కడన్న ఎవరన్న ఎదురుచూస్తున్నరా?"

ఆ ప్రశ్న కాగితంలో లేదు. గంగక్క నవ్వు ఆపి మొగుడి ముఖంలోకి చూసింది. పగిడయ్య పిల్లను ఎత్తుకుని గుండెకు అదుముకున్నాడు.

"ఎవరూ లేరని రాసుకుంట" అని ఫ్లోరెన్స్ లేచింది.

వాగు దాకా గంగక్క సాగనంపింది. దారికని కందగడ్డలు మూటగట్టి ఇచ్చింది. తిరుగు బస్సులో పక్క సీటు ఖాళీ. ఫ్లోరెన్స్ మూటను ఆ సీట్లో పెట్టి, భద్రాచలం వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే కళావతి ఫోన్ చేసింది. "కలపాలా?"

"వద్దు మేడం. వేరేవేరే మనుషులు."

"పక్కానా? ఒక్కడే అయితే సారపాకల ఆయన భార్యకు కబురన్న పంపుదుము. పాపం, ఇన్నేండ్ల సంది ఆమె ఎట్ల బతుకుతుందో."

"బతుకుతది మేడం."

ఫ్లోరెన్స్ 'వేరు' అన్న మీట నొక్కింది. రెండు చుక్కల మధ్య గీత చెరిగిపోయింది. ఫోను పెట్టేశాక, ఎవరూ లేని ఆ గదిలో, బల్ల మీద తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.

పద్నాలుగేళ్ల కిందట చర్చిలో ఆమె వేలికి ఉంగరం తొడిగింది అతడే.